ఉప్పు నీళ్ల గుంటల మీద తిరిగే స్ప్లెండర్‌కి కంపెనీ చైన్ సెట్టా, బయటిదా?

కోవూరు స్ప్లెండర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది కోవూరు. ఆక్వా ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పని చేస్తున్నాను. తెల్లవారకముందే బయల్దేరి విడవలూరు, రామతీర్థం, ఊటుకూరు వైపు రొయ్యల గుంటలకు వెళ్లి నీళ్ల శాంపిళ్లు పట్టుకురావడం నా డ్యూటీ. రోజుకు యాభై, అరవై కిలోమీటర్లు. సగం తారు రోడ్డు, సగం గుంటల కట్టలు. కట్ట మీద మట్టి ఎప్పుడూ తడిగా, ఉప్పగా ఉంటుంది. ఏరేటర్లు (గుంటలో నీళ్లు చిమ్మే యంత్రాలు) తిరిగేటప్పుడు గాలి ఇటు మళ్లిందంటే తుంపర మొత్తం బండి మీదే. శాంపిల్ సీసా మూత సరిగా పడని రోజు ఆ నీళ్లు కూడా వెనక చక్రం మీదకే కారతాయి.

బండి 2018 స్ప్లెండర్ ప్లస్. మీటరు 59 వేలు దాటింది. ఇప్పుడు చైన్ సెట్ (చైన్, ముందు, వెనక పళ్ల చక్రాలు) మార్చాలి, వెనక బ్రేక్ షూలు కూడా. ఏవి వేయించాలో తేల్చుకోలేకపోతున్నాను. ముందు నా లెక్క చెబుతాను.

బండితో వచ్చిన చైన్ సెట్ 24 వేల దాకా నడిచింది. అప్పుడు నేను నెల్లూరు టౌన్‌లోనే పని చేసేవాడిని, గుంటల ముఖం చూడలేదు. రెండోసారి కంపెనీదే వేయించాను, 42 వేల దాకా వచ్చింది. మూడోసారీ కంపెనీదే. అది 53 వేలకే అరిగిపోయింది. అంత డబ్బు పెడితే పదకొండు వేలకే పోయిందని బాధేసి, నాలుగోసారి షాపతను చూపించిన సగం రేటు సెట్ తీసుకున్నాను. అది ఆరు వేలు నడిచింది, అంతే. వెనక పళ్ల చక్రం పళ్లన్నీ ఒక పక్కకి వంగి కొక్కేల్లా తయారయ్యాయి. గేరు వేసి ఎక్సలేటర్ ఇస్తే చైన్ పళ్ల మీద నుంచి ఎగిరి టకటకమంటోంది.

బ్రేకు సంగతి తలచుకుంటే ఇప్పటికీ కాళ్లు వణుకుతాయి. పోయిన నెల ఒక ఆదివారం నా భార్యని, మూడేళ్ల పాపని ఎక్కించుకొని నెల్లూరు వెళ్తున్నాను. పెన్నా బ్రిడ్జి దాటి దిగుతుంటే ముందు ఆటో సడన్‌గా ఆగింది. వెనక బ్రేకు తొక్కాను. కర్రుమని ఒక చప్పుడు, ఆ తర్వాత పెడల్ కిందకి దిగిపోయింది, బండి మాత్రం ఆగలేదు. ముందు బ్రేకు పట్టి, గేరు తగ్గించి, ఆటోకి జానెడు దూరంలో ఆపగలిగాను. ట్యాంకు మీద కూర్చున్న పాప నుదురు మీటరుకి తగిలి బొప్పి కట్టింది. బండి తోసుకుంటూ వెళ్లి డ్రమ్ము విప్పిస్తే, షూకి అతికి ఉండాల్సిన లైనర్ ఊడొచ్చి రెండు ముక్కలై లోపల పడి ఉంది. ఆ షూలు నాలుగు నెలల కిందట మా దగ్గరి షెడ్డులో వేయించినవి. జత తొంభై రూపాయలు. ఏ కంపెనీవని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఇప్పుడు మా దగ్గర చెబుతున్న రేట్లు ఇవి. చైన్ సెట్ కంపెనీ డబ్బాది 1,150. రోలాన్, డైమండ్ లాంటి పేరున్న బయటివి 900 దగ్గర. పేరు తెలియనిది 480. ఏదైనా లేబర్ 150. బ్రేక్ షూలు కంపెనీవి జత 210.

నా జీతం పదిహేడు వేలు. పెట్రోలు డబ్బు ల్యాబ్ వాళ్లు ఇస్తారు, రిపేర్లు నావే. డబ్బు దండగ చేయలేను, అలాగని మళ్లీ పాపని ఆ పరిస్థితిలోకి తీసుకెళ్లలేను. ఉప్పు ఏరియాలో ఎలాగూ పదకొండు వేలే వస్తుందంటే కంపెనీది ఎందుకు అనిపిస్తోంది. కంపెనీ డబ్బా అని ఇచ్చేది నిజంగా కంపెనీదేనా అన్న అనుమానం కూడా పట్టుకుంది. పొద్దున చీకట్లో కట్టల మీద దారి కనపడక హెడ్‌లైట్‌కి ఎక్కువ వాట్ల బల్బు వేద్దామనుకుంటున్నాను, దాని గురించి కూడా చెప్పండి. తెలిసినవాళ్లు, మీ బండి మీద చూసిందే చెప్పండి.

పొదలకూరు పల్సర్

అన్నా, రెండో మాట లేకుండా కంపెనీదే వేయించు. నేను తొమ్మిదేళ్లుగా షోరూమ్ కౌంటర్‌లో బిల్లు రాయించుకొని తెచ్చుకుంటాను, ఒక్క పార్టూ మోసం చేయలేదు. తొంభై రూపాయల షూలతో భార్యాపిల్లల్ని ఎక్కించుకోవడం ఏంటన్నా! పాప ఇప్పుడు ఎలా ఉంది?

కోవూరు స్ప్లెండర్

పాప బాగానే ఉంది తమ్ముడూ, బొప్పి తగ్గింది. కానీ మూడో సెట్ నేనూ బిల్లుతోనే కొన్నాను. అదెందుకు పదకొండు వేలకే పోయిందో నాకు అంతుపట్టడం లేదు.

ఒంగోలు డిపో మెకానిక్ (రిటైర్డ్)

అబ్బాయీ, నేను ఆర్టీసీలో ముప్ఫై ఒక్క ఏళ్లు మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఒంగోలులో కర్నూలు రోడ్డు వైపు ఇంటి ముందే చిన్న షెడ్డు వేసుకొని బైకులు చూస్తున్నాను. నీ పోస్టు రెండుసార్లు చదివాను. అందులో నువ్వు రాసిన అంకెలు బంగారం. చాలామంది "తొందరగా పోయింది" అంటారు తప్ప ఎన్ని వేలకు పోయిందో చెప్పలేరు. డిపోలో ప్రతి టైరుకూ ఒక నంబరు, ఒక కార్డు ఉండేవి. ఏ బస్సుకి ఎప్పుడు ఎక్కింది, ఎన్ని కిలోమీటర్లకి దిగింది, అన్నీ రాయాలి. ఆ అలవాటుతోనే నీ అంకెలు కాగితం మీద వేశాను.

ఇవాళ్టి రేట్లతోనే చూద్దాం. రెండో సెట్: 1,150, లేబర్ 150, మొత్తం 1,300. నడిచింది 18 వేలు. వెయ్యి కిలోమీటర్లకి 72 రూపాయలు. మూడో సెట్: అదే 1,300, నడిచింది 11 వేలు. వెయ్యికి 118. నాలుగోది: 480, లేబర్ 150, మొత్తం 630, నడిచింది 6 వేలు. వెయ్యికి 105.

చూశావా? నీ బండి మీద మూడోసారి వేసిన కంపెనీ సెట్ ఆ సగం రేటు సెట్ కన్నా ఎక్కువ ఖర్చు తెచ్చింది. అదే కంపెనీ సెట్ రెండోసారి అన్నింటికన్నా చవగ్గా పడింది. డబ్బా మారలేదు, బండి మారలేదు, మనిషి మారలేదు. మరి 42 వేల దగ్గర ఏం మారింది? ఉద్యోగం అప్పుడే మారిందా, అంతకుముందేనా? ముందు, వెనక పళ్ల చక్రాలు, చైన్, మూడూ కలిపే మార్చారా? చైన్ కవరు ఉందా? ఇవి చెప్పు, తర్వాత మాట్లాడదాం.

చైన్ సంగతి పక్కన పెట్టి బ్రేకు గురించి ఇప్పుడే చెబుతాను, అది ఆగే విషయం కాదు. స్ప్లెండర్ డ్రమ్ము 130 మిల్లీమీటర్లు. అల్యూమినియం షూ మీద లైనర్‌ని జిగురుతో, వేడితో, ఒత్తిడితో అతికిస్తారు. మంచి తయారీలో అతికించే ముందు అల్యూమినియం మీద జిడ్డు, పొర లేకుండా శుభ్రం చేస్తారు. చవక రకాల్లో ఎక్కువగా తప్పేది అక్కడే. కంటికి రెండూ ఒకలాగే కనబడతాయి. నీ దగ్గర ఉప్పు నీళ్లు డ్రమ్ములోకి దిగి, లైనర్ అంచు కింద అల్యూమినియం తెల్లగా పొంగుతుంది. ఆ పొంగు లైనర్‌ని కొద్దికొద్దిగా పైకి లేపుతుంది. జిగురు గట్టిదైతే చాలాకాలం తట్టుకుంటుంది, లేకపోతే నీకు జరిగిందే జరుగుతుంది. అందుకని బ్రేకుల్లో నా షెడ్డులో బేరం లేదు. కంపెనీ డబ్బావి, లేదా బండ్ల కంపెనీలకే బ్రేకులు సప్లై చేసే తయారీదారుల సొంత డబ్బావి, అవి కూడా షూ మీద పేరు, నంబరు పోతపోసి ఉంటేనే వేస్తాను. పేరు లేని షూ తెచ్చి "ఇవే వెయ్యి" అన్నవాళ్లని వెనక్కి పంపేశాను.

నువ్వు ఒక పని తప్పనిసరిగా చెయ్యాలి. మూడు నెలలకొకసారి వెనక డ్రమ్ము విప్పించి చూసుకో. లోపలి దుమ్ము నోటితో ఊదకూడదు, తడిగుడ్డతో తుడవాలి. షూల మధ్య ఉండి వాటిని డ్రమ్ముకి నొక్కే క్యామ్ ఉప్పుకి పట్టేస్తుంది, దానికి రవ్వంత గ్రీజు చాలు, లైనర్‌కి తగలకూడదు. నీళ్లలో దిగి గట్టెక్కాక బ్రేకు లైట్‌గా తొక్కి పట్టి కొంత దూరం నడిపితే లైనర్ ఆరిపోతుంది. బ్రేక్ ప్లేటు బయట చిన్న బాణం గుర్తు ఉంటుంది. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు అది హద్దు గీత దగ్గరికి వచ్చిందంటే లైనర్ అయిపోయినట్టే.

చీమకుర్తి క్వారీ

నేను చీమకుర్తిలో గ్రానైట్ క్వారీలో సూపర్‌వైజర్‌ని. మీకు ఉప్పు, మాకు రాతి పొడి. ఒక్క అనుభవం చెబుతాను, చైన్ గురించి కాదు, ఎయిర్ ఫిల్టర్ గురించి.

నాది 125 సీసీ బండి. రెండేళ్ల కిందట కంపెనీ ఫిల్టర్ దొరకలేదని, దానిలాగే ఉందని బయట ఎనభై రూపాయల ఫిల్టర్ వేయించాను. ఫిల్టర్ కాగితం బాగానే ఉంది. తేడా అంచు రబ్బరులో ఉంది. పెట్టెలో కూర్చోబెడితే ఒక మూల రవ్వంత సందు మిగిలింది. మాకు ఆ సందు చాలు. ఎనిమిది నెలలకి సైలెన్సర్ నుంచి నీలం పొగ, ఇంజన్ ఆయిల్ తగ్గిపోవడం మొదలైంది. విప్పితే సిలిండర్ గోడ మీద నిలువు గీతలు, పిస్టన్ రింగులు అరిగిపోయి ఉన్నాయి. ఫిల్టర్ పెట్టె లోపలి వైపు వేలు పెట్టి తుడిస్తే నల్లటి పొడి అంటుకుంది, గెలాక్సీ గ్రానైట్‌లో ఉండే ఆ మెరుపుతో సహా. బోరు కొట్టించి, పిస్టన్ మార్చి, మొత్తం ఆరున్నర వేలు అయింది. ఆ చవక ఫిల్టర్‌తో నాకు మిగిలింది వంద రూపాయలు కూడా ఉండదు.

అప్పటి నుంచి నా లెక్క ఇదీ. ఆ పార్టు పాడైతే పక్కనున్న ఇంకో పెద్ద పార్టుని కూడా తినేస్తుందా అని చూస్తాను. ఎయిర్ ఫిల్టర్, ఆయిల్, ఆయిల్ సీళ్లు, గాస్కెట్లు అలాంటివి. అవి కంపెనీవే. అద్దాలు, సీటు కవరు, క్రాష్ గార్డు, ఫోన్ హోల్డరు ఎక్కడైనా కొంటాను. బ్యాటరీ బయటిదే, మన తిరుపతి అమరరాజా వాళ్ల అమరాన్ వేశాను, మూడో ఏడు నడుస్తోంది. ప్లగ్గు కూడా కంపెనీ డబ్బానే ఉండాలని లేదు, ఎన్‌జీకే, బాష్ వాళ్లవి నంబరు సరిపోతే చాలు. కాకపోతే పెద్ద పేరున్న ప్లగ్గులకి నకిలీలు కూడా ఎక్కువ, తెలిసిన షాపులో కొనండి.

ఆయిల్ మార్పించాక ఖాళీ డబ్బా అక్కడ వదిలేయకండి. కత్తితో కోసి పారేయండి. మంచి డబ్బాల్లో వాడేసిన ఆయిల్ వడకట్టి నింపి అమ్మేవాళ్లకి కావాల్సింది ఆ డబ్బానే.

కోవూరు స్ప్లెండర్

డిపో బాబాయ్ గారూ, మీ ప్రశ్నలు చదివి వెంటనే బండి దగ్గరికి వెళ్లాను. ఉద్యోగం మారింది 35 వేల దగ్గర. అంటే రెండో సెట్ ఏడు వేల కిలోమీటర్లు ఉప్పులోనే తిరిగింది, అయినా నిలబడింది. మూడూ ప్రతిసారీ కలిపే మార్పించాను.

చైన్ కవరు లేదు. రెండో సెట్ తీసేటప్పుడు, 42 వేల దగ్గర, కవరు సొట్టపోయి గలగల శబ్దం చేస్తోందని మెకానిక్ తీసేశాడు. "ఈ రోజుల్లో ఎవరూ పెట్టుకోవడం లేదు, చైన్‌కి ఆయిల్ వేయడం తేలిక" అన్నాడు. నేనూ సరే అన్నాను. అది ఇంట్లో గోనెసంచిలో ఉంది. ఇన్నాళ్లూ దాన్ని నేను లెక్కలోకే తీసుకోలేదు. చైన్‌కి ఆయిల్ అంటే మెకానిక్ దగ్గర ఇంజన్ నుంచి దింపిన పాత ఆయిల్ సీసాలో తెచ్చుకొని నెలకోసారి పోస్తున్నాను.

ఒంగోలు డిపో మెకానిక్ (రిటైర్డ్)

అదీ సంగతి. నీ మూడో సెట్‌ని కంపెనీ మోసం చేయలేదు, ఉప్పు తినేసింది. నాలుగోదానికి ఉప్పూ పట్టింది, పళ్లూ మెత్తనివి. రెండూ కలిసి ఆరు వేలకి ముగించాయి.

చైన్ ఎలా అరుగుతుందో చెబుతాను, అప్పుడు ఏం కొనాలో నీకే తెలుస్తుంది. చైన్ సాగింది అంటాం కానీ ఇనుము సాగదు. ప్రతి లింకులో ఒక పిన్ను, దాని చుట్టూ ఒక బుష్ ఉంటాయి. వాటి మధ్య గ్రీజు పోయి, దుమ్ము, ఉప్పు చేరితే పిన్ను అరుగుతుంది. ఒక్కో లింకు దగ్గర వెంట్రుకవాసి, మొత్తం కలిపితే అంగుళం. మీ 100, 125 సీసీ బండ్ల చైన్‌కి పిన్నుకీ పిన్నుకీ మధ్య 12.7 మిల్లీమీటర్లు, అంటే అర అంగుళం. చైన్‌ని బిగించి పట్టుకొని ఇరవై లింకులు కొలువు. కొత్తగా ఉన్నప్పుడు 254 మిల్లీమీటర్లు వస్తుంది. 259 వచ్చిందంటే చైన్ అయిపోయింది, ఇంక వాడితే కొత్త పళ్లని కూడా పాడు చేస్తుంది. టేపు, టార్చి లైటు చాలు దీనికి.

పళ్ల చక్రం విషయానికొస్తే, మంచిదాంట్లో పళ్ల వరకు వేడి చేసి గట్టిపరుస్తారు. చవకదాంట్లో మెత్తటి ఇనుము రేకు కోసి రంగు వేస్తారు. చిన్న ఆకురాయితో పంటి పక్కన గీసి చూడు. గట్టిపరిచిన పన్ను మీద ఆకురాయి జారిపోతుంది, మెత్తటి దాని మీద పట్టుకొని కోస్తుంది. నీ బండి నుంచి దింపాక ఆ నాలుగో సెట్ మీద గీసి చూడు, నా మాట నిజమో కాదో తెలుస్తుంది. కొత్తది కొనేటప్పుడు షాపులో గీయనివ్వరు కాబట్టి తయారీదారు పేరు చూడాలి.

ఇంకో మాట. బండి కంపెనీ చైన్ తయారు చేయదు. చైన్ల ఫ్యాక్టరీల నుంచి కొని, పరీక్ష చేసి, తన డబ్బాలో పెట్టి అమ్ముతుంది. కోయంబత్తూరు ఎల్‌జీబీ వాళ్ల రోలాన్, చెన్నై ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ వాళ్ల డైమండ్, ఈ ఇద్దరూ బండ్ల కంపెనీలకి చైన్లు సప్లై చేసేవాళ్లే. వాళ్ల సొంత డబ్బాలో వచ్చే సెట్‌ని లోకల్ అని తీసిపారేయడం తప్పు. అదే ఫ్యాక్టరీ కాబట్టి ప్రతి డబ్బాలోనూ అచ్చంగా అదే గ్రేడు ఉంటుందని ప్రమాణం చేసి చెప్పలేను కానీ, నా షెడ్డులో అవి వేసిన బండ్లు కంపెనీ సెట్ వేసిన బండ్లకి దగ్గరగానే నడిచాయి. నీకైతే నేను 900ది వేయించమంటాను. మిగిలిన 250 పెట్టి కొత్త కవరు కొనుక్కో, అది మాత్రం కంపెనీది. రెండు ముక్కలూ ఒకదాంట్లో ఒకటి బాగా కూర్చోవాలి, బయటివాటికి రంధ్రాలు సరిగ్గా కలవవు, మళ్లీ గలగలే.

పాత ఇంజన్ ఆయిల్ పోయకు. అందులో ఇంజన్ అరిగిన పొడి, మసి ఉంటాయి. గేర్ ఆయిల్ 90 అని అడుగు, ఒక డబ్బా నీకు ఏడాది వస్తుంది. కిరోసిన్‌లో ముంచిన బ్రష్షుతో చైన్ కడిగి, ఆరాక, చక్రం చేత్తో తిప్పుతూ లోపలి వైపు బొట్టు బొట్టు వేయాలి. టౌన్ బండికి నెలకోసారి చాలు, నీకు వారానికోసారి. ఇంటికొచ్చాక మంచినీళ్లతో బండి కింద భాగం కడుక్కో. మీ వైపు బోరు నీళ్లు కూడా ఉప్పగా ఉంటే వాటితో కడిగి లాభం లేదు, కుళాయి నీళ్లు ఒక బకెట్ చాలు. ప్రెషర్ గన్ మాత్రం చక్రం మధ్యలోకి కొట్టనివ్వకు, బేరింగులోకి నీళ్లు పోతాయి. వెనక హబ్‌లో రబ్బర్లు ఉంటాయి, చైన్ సెట్ మార్చేటప్పుడే అవి లూజుగా ఉన్నాయేమో చూపించుకో.

కంపెనీ డబ్బా గురించి అడిగావు. ఎమ్మార్పీ, తయారీదారు పేరు, తయారైన నెల, సంవత్సరం, పార్టు నంబరు అచ్చై ఉండాలి. నంబరు బండి మాన్యువల్‌తో కలవాలి. అక్షరాలు మసకగా, తప్పులతో ఉంటే వద్దు. ఇప్పటికీ కొత్త డబ్బా మీద "హీరో హోండా" అని కనిపిస్తే తీసుకోకు. 2011లోనే ఆ పేరు హీరో మోటోకార్ప్ అయింది. జీఎస్టీ బిల్లు అడుగు. 2025 సెప్టెంబర్ 22 నుంచి బైకు స్పేర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది, పాత స్టిక్కర్ రేటే చెబితే ఆ మాట అను. నకిలీ అమ్మేవాడు బిల్లు రాయడానికి వెనకాడతాడు, నాకు అదే పెద్ద గుర్తు.

హెడ్‌లైట్‌కి ఎక్కువ వాట్ల బల్బు వద్దు. నీ బండికి ఇచ్చింది 35 వాట్లు. హోల్డరు, వైర్లు దానికి తగినవే. పెద్ద బల్బు వేస్తే హోల్డరు కరిగి, రిఫ్లెక్టర్ మసకబారి, మొదటికన్నా తక్కువ వెలుగు మిగులుతుంది. గ్లాసు లోపల ఉప్పు పొర పట్టి ఉంటుంది, ముందు విప్పి తుడిపించు. అదే వాట్లలో మంచి కంపెనీ కొత్త బల్బు వేసి, లైటు ఎత్తు సరిచేయించు. తేడా నీకే తెలుస్తుంది.

కావలి జూపిటర్

తమ్ముడూ, నేను కావలిలో ఉంటాను, బోగోలు దగ్గర స్కూల్లో టీచర్‌ని. పార్టుల గురించి బాబాయ్ గారు చెప్పారు. నాకు నీ పాప గురించి చెప్పాలనుంది.

పాపని ట్యాంకు మీద కూర్చోబెట్టకు. బ్రేకు బాగున్నా సరే, సడన్‌గా ఆగితే నీ బరువంతా పాప వీపు మీద పడుతుంది. నాలుగేళ్ల లోపు పిల్లలకి, నడిపేవాళ్లకి కలిపి కట్టే బెల్టు లాంటి హార్నెస్, హెల్మెట్ ఉండాలని, బండి నలభై దాటకూడదని కేంద్రం నిబంధన పెట్టింది. 2023 ఫిబ్రవరి నుంచి అది అమల్లో ఉంది. మా స్కూలు దగ్గర ఇప్పటికీ ఒక్కరూ పాటించడం లేదు, రోజూ చూస్తూ గుండె పట్టుకుంటాను.

హెల్మెట్ కొనేటప్పుడు కూడా నువ్వు అడిగిన ఒరిజినల్, డూప్లికేట్ ప్రశ్నే వస్తుంది. మా ఆయన హైవే పక్కన మూడు వందలకి ఒకటి కొన్నారు, ఐఎస్ఐ స్టిక్కర్ కూడా ఉంది. వారానికి ఆ స్టిక్కర్ గోటితో గీకితే ఊడొచ్చింది. ఒకరోజు బీరువా మీద నుంచి కింద పడితే అడుగు నుంచి పై దాకా చీలిపోయింది. ఎత్తి చూస్తే లోపల థర్మోకోల్ వేలు మందం కూడా లేదు. అది తల మీద ఉన్నప్పుడు పడి ఉంటే అనే ఆలోచనకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ లేని హెల్మెట్ తయారు చేయడం, అమ్మడం చట్టవిరుద్ధం. ఐఎస్ 4151 అనే నంబరు, లైసెన్సు నంబరు ఉన్నది షాపులో కొను. నీ భార్యకీ ఒకటి. చీర కడితే శారీ గార్డు బండికి ఉందో లేదో కూడా చూసుకో, చైన్ కవరు కూడా లేదన్నావు కాబట్టి మరీ చెబుతున్నాను.

కోవూరు స్ప్లెండర్

అందరికీ చాలా థ్యాంక్స్. ఇవాళ శాంపిళ్లు ఇచ్చేశాక సగం రోజు సెలవు పెట్టి పని పూర్తి చేయించాను.

నెల్లూరులో ట్రంకు రోడ్డు వైపు రెండు షాపులు తిరిగాను. మొదటి షాపులో బిల్లు అడిగితే "చైన్ సెట్‌కి బిల్లేంటి" అన్నారు, వచ్చేశాను. రెండో షాపులో బిల్లు రాసిచ్చారు. రోలాన్ సెట్, గేర్ ఆయిల్ డబ్బా అక్కడ తీసుకున్నాను. బ్రేక్ షూలు వెనకవీ ముందువీ, చైన్ కవరు రెండు ముక్కలూ షోరూమ్ కౌంటర్‌లో కొన్నాను. కవరు రేటు విని ఒక్క నిమిషం ఆలోచించాను, తర్వాత మీ 118 రూపాయల లెక్క గుర్తొచ్చింది.

ముందు షూలు మార్చే ఆలోచన నాకు లేదు. మెకానిక్ ముందు డ్రమ్ము కూడా విప్పి చూపించాడు. అవీ అదే తొంభై రూపాయల రకం. ఒక లైనర్ అంచు గోరు దూరేంత లేచి ఉంది, కింద తెల్లటి పొడి. పెన్నా బ్రిడ్జి దగ్గర నన్ను ఆపింది ఆ ముందు బ్రేకే. చూసి కాసేపు మాట రాలేదు.

పాత సెట్ మీద ఆకురాయి పెట్టి గీశాను బాబాయ్. సబ్బు మీద గీసినట్టు కోసుకుపోయింది. పక్కనే కొత్త పళ్ల చక్రం మీద మెకానిక్ చేతే పంటి లోపలి వైపు చిన్నగా గీయించాను, జారిపోయింది. ఆయన కూడా ఆశ్చర్యపోయి ఆకురాయి తీసుకొని ఇంకో రెండు పాత చక్రాల మీద గీసి చూసుకున్నాడు. పాత చైన్ ఇరవై లింకులు కొలిస్తే 263 వచ్చింది.

హబ్ రబ్బర్లు కూడా పగిలి ఉన్నాయి, మార్పించాను. హెడ్‌లైట్ గ్లాసు విప్పితే లోపల అచ్చంగా ఉప్పు పొర. తుడిచి అదే వాట్లలో కొత్త బల్బు వేశారు. రేపు తెల్లవారుజామున కట్ట మీద చూసి చెబుతాను. అక్కా, పాప హెల్మెట్, హార్నెస్ ఒకటో తారీఖు జీతం రాగానే. అప్పటిదాకా పాపని బండి ఎక్కించను, వాళ్లమ్మకి కూడా చెప్పేశాను.

పాప వాడేసిన డ్రాయింగ్ పుస్తకంలో వెనక పేజీల్లో కార్డు మొదలుపెట్టాను బాబాయ్. మొదటి లైను: 59,412. చైన్ సెట్, కవరు, షూలు నాలుగు, హబ్ రబ్బర్లు.

ఒంగోలు డిపో మెకానిక్ (రిటైర్డ్)

చాలా సంతోషం నాయనా. ఆ ముందు షూలు విప్పించడం అన్నింటికన్నా మంచి పని. కొత్త లైనర్లు డ్రమ్ముకి పూర్తిగా పట్టడానికి కొంత దూరం నడవాలి, మొదటి రెండు వందల కిలోమీటర్లు ముందు బండికి ఎడం ఎక్కువ ఇచ్చి నడుపు. కొత్త చైన్ కూడా మొదట్లో కొంచెం లూజవుతుంది, 500 దగ్గర ఒకసారి చూపించుకో. కవరు కింది వైపు రబ్బరు మూత తీసి, రంధ్రంలో నుంచి వేలితో పైకీ కిందకీ ఆడిస్తే అంగుళం ఆడాలి. అంతకన్నా బిగిస్తే బేరింగు పోతుంది. ఆ మూత మళ్లీ పెట్టడం మర్చిపోకు.